గోపన్నగారి జమాఖర్చులు

భద్రాచలం వెళ్ళాలనుకునేవాళ్ళు భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగి సంబరపడకూడదు. అక్కడ దిగితే మీరున్నది కొత్తగూడెంలో. గుడికి ఇంకా 40 కిలోమీటర్లుంటుంది. రైలువాళ్ళు బోర్డు మీద రాముడి ఊరి పేరు రాసుకున్నారేగానీ గోదావరి దాటే ఓపిక చేసుకోలేదు. ఈ సంగతి తెలియక ప్లాట్‌ఫారం మీద నిలబడి "గుడి ఎటండీ?" అని అడిగినవాళ్ళను నేనెరుగుదును. అందులో ఒకరు మావారు కాబట్టి ఆ విషయం ఇంతటితో వదిలేస్తాను.

మాది ఖమ్మం. మాకు రైలుతో పనిలేదు. పొద్దున్నే బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మధ్యాహ్నం భోజనాల వేళకు గోదావరి ఒడ్డున ఉంటాం. అంత దగ్గర. అయినా నలభై ఆరేళ్ళొచ్చేదాకా నేను భద్రాచలం చూడలేదంటే మీరు నమ్మరు. మా ఇంట్లో ఎవ్వరూ చూడలేదు. తీరిక దొరక్క కాదు, డబ్బు చాలక కాదు. మా అమ్మ పట్టుదల.

"ఆ గోపన్న గుడికి నేను రాను" అనేది అమ్మ. రాముడి గుడి అనేది కాదు, గోపన్న గుడి అనేది. రాముడితో ఆమెకేం పేచీ లేదు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు ఏ యేడూ తప్పలేదు. రేడియోలో రామదాసు కీర్తన వస్తే మాత్రం చేతిలో పని వదిలేసి వచ్చి కట్టేసేది. నాన్న ఏమీ అనేవారు కాదు. కాసేపాగి, రేడియో ఆపినచోటి నుంచి తనే సన్నగా కూనిరాగం తీసుకునేవారు.

ఎందుకో చెప్పాలంటే ముందు గోపన్న కథ చెప్పాలి. మీకు తెలిసిన కథే. అయినా మా అమ్మ చెప్పే పద్ధతిలో వినండి, కాస్త తేడా ఉంటుంది.

కంచర్ల గోపన్నది మా ఖమ్మం పక్కనే ఉన్న నేలకొండపల్లి. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ కొలువులో చక్రం తిప్పుతున్నారు. తానీషా అని మనం పిలుచుకునే అబుల్ హసన్ కుతుబ్ షా 1672లో గద్దెనెక్కాడు. మాదన్న ఆయన మంత్రి. మేనమామ ఆ స్థాయిలో ఉంటే మేనల్లుడికి ఉద్యోగం రావడం అప్పుడూ వింత కాదు, ఇప్పుడూ కాదు. గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలు దొరికింది. పన్నులు వసూలు చేసి గోల్కొండకు పంపడం ఆయన పని. భద్రగిరి మీద పోకల దమ్మక్క అనే అడవి మనిషి, పుట్టలో దొరికిన రాముణ్ణి ఒక పందిరి కింద పెట్టుకుని, తాటిపండు నైవేద్యం పెట్టి కొలుచుకుంటోంది. అది చూసి గోపన్న మనసు నీరయింది. గుడి కట్టించాడు. దేవుడికీ దేవేరికీ నగలు చేయించాడు. డబ్బెక్కడిది? వసూలైన పన్ను. చందాలు కూడా పోగుచేశాడని చెప్పేవాళ్ళున్నారుగానీ, జైల్లో పెట్టింది చందాలకు కాదు గదా! ఆరు లక్షలు అంటుంది కథ. నవాబు లెక్క అడిగాడు. పైకం లేదు. గోల్కొండ చెరసాల్లో వేశారు. పన్నెండేళ్ళు. చివరికి రామలక్ష్మణులిద్దరూ రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు పెట్టుకుని, అర్ధరాత్రి తానీషా ముందు నిలబడి పైకం కుప్పపోసి, రసీదు రాయించుకుని, ఆ రసీదు గోపన్నకు చేర్చి మాయమయ్యారు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఇక్కడ మా అమ్మ ఒక ప్రశ్న వేసేది.

"ఆ పన్నెండేళ్ళూ గోపన్న పెళ్ళాం ఏం తిన్నది?"

కథల్లో ఆవిడ పేరు కమలమ్మ. హరికథల్లోనూ సినిమాల్లోనూ రెండుసార్లు కళ్ళొత్తుకుని పక్కకు తప్పుకుంటుంది. 1964లో నాగయ్యగారు తీసిన 'భక్త రామదాసు' ఒకసారి దూరదర్శన్లో వేశారు. వీధి వీధంతా మా ఇంట్లోనే కూర్చుని చూసింది. అమ్మ మాత్రం వంటింట్లోంచి కదల్లేదు. మర్నాటి గారెలకని పప్పు రుబ్బుతూ కూర్చుంది. పొత్రం చప్పుడు పాటలకంటే గట్టిగా వినిపించింది. మర్నాడు గారెలు తినేందుకు మా ఇంట్లో పండగేమీ లేదని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

1992లో నాన్న అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో హైస్కూలు హెడ్మాస్టరు. ఊరి పేరెందుకులెండి. నేనూ అదే బడిలో ఏడో తరగతి. చుట్టుపక్కల గూడేల నుంచి కోయపిల్లలు నడిచొచ్చి చదువుకునేవారు. ఆ యేడు పదో తరగతి పరీక్షల సెంటరు ఎక్కడో 30 కిలోమీటర్ల అవతల పడింది. అడవి దారి, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అందులో మొదటిది పరీక్ష మొదలైన గంటకు చేరుతుంది. పది రోజులు అక్కడే ఉండి రాయాలి. ఉండటానికి చోటు, తిండి, దారిఖర్చులు ఎవరిస్తారు? ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు "మేం రాయం సార్" అని పుస్తకాలు కట్టిపెట్టేశారు. నాన్న రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడోరోజు స్కూలు డబ్బులోంచి ఆరువేల రెండు వందలు తీసి, ఆ ఊళ్ళో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, వంటమనిషిని పెట్టి, పిల్లలందర్నీ వెంటబెట్టుకు వెళ్ళి పరీక్షలు రాయించారు. ఒక వ్యాపారస్తుడు వేసవిలో చందా ఇస్తానన్నాడు, అది రాగానే సర్దేద్దామనుకున్నారు. వేసవి వచ్చింది. చందా రాలేదు. ఆడిట్ వచ్చింది.

పధ్నాలుగు నెలలు సస్పెన్షను. సగం జీతం. నాన్న వీధరుగు మీద కూర్చుని గోపన్న కీర్తనలు పాడుకున్నది అప్పుడే. "అంతటివాడికే తప్పలేదు" అనేవారు. అమ్మ ఆయన ఎదట ఏమీ అనలేదు. ఒకరోజు బజారుకు వెళ్ళి, చేతుల్లో ఉన్న రెండు బంగారు గాజులు అమ్మి, పైకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నాన్న వెళ్ళి కట్టి రసీదు తెచ్చారు. ఆ రసీదు ఇప్పటికీ మా ఇంట్లో భారతం పుస్తకంలో ఉంది.

"మన ఇంటికి రామోజీ లక్ష్మోజీ రాలేదే పిల్లా, నా గాజులే పోయినయ్" అని నాతో అంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది!

ఇక్కడితో ఆపితే ఇది మా నాన్న గొప్పతనం కథ అవుతుంది. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఇరవై ఆరుగురు ఆ యేడే పాసయ్యారు. ఒకాయన ఇప్పుడు పంతులు. ఇంకొకాయన కరెంటు డిపార్టుమెంటులో ఉన్నాడు. నాన్న పోయిన రోజున వాళ్ళంతా వచ్చారు. పాడె మోయడానికి మా బంధువులకు వంతు దొరకలేదు. చూసినవాళ్ళంతా "ఏమి పుణ్యాత్ముడు!" అన్నారు. నేనూ అన్నాను.

కానీ ఆ ఆరువేల రెండు వందలూ దేనికోసం వచ్చిన డబ్బో ఎవరూ అడగలేదు. ఆడపిల్లలకు ఒక మరుగుదొడ్డి, దాని చుట్టూ గోడ కట్టడానికి వచ్చిన డబ్బు అది. అమ్మ గాజుల డబ్బు కట్టిన తరవాత అది ఖజానాకు వెళ్ళిపోయింది, బడికి తిరిగి రాలేదు. గోడ లేవలేదు. నాతో ఒకే బెంచీలో కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. లెక్కల్లో నాకంటే చురుకు, నాకు చూపించేది కూడా. ఎనిమిదో తరగతికొచ్చి పెద్దమనిషయ్యాక ఇంట్లోవాళ్ళు బడి మాన్పించేశారు. "చెట్ల చాటుకు పొమ్మంటారా ఆడపిల్లని?" అన్నాడట వాళ్ళ తాత. తప్పా చెప్పండి?

అదండీ సంగతి. మంచిపనికి ఖర్చుపెట్టిన పరాయి డబ్బు మంచిదవుతుందా కాదా అని నేను ఎక్కడో తాత్త్విక గ్రంథాల్లో చదివి ఆలోచించలేదు. నా బెంచీ మీద ఖాళీ చోటు చూసి ఆలోచించాను. ఆలోచించి, ఎటూ తేల్చుకోలేక, నవలలు రాసుకుంటూ కూర్చున్నాను.

పోయిన శ్రావణంలో అమ్మ ఉన్నట్టుండి "భద్రాచలం పోదాం, పద" అంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. కారణం అడిగితే మనసు మార్చుకుంటుందని అడగలేదు. బాక్సుల్లో పులిహోర కట్టుకుని బయల్దేరాం.

సారపాక దాటగానే గోదావరి. మీరు ఎన్నిసార్లు చూసినా సరే, ఆ వంతెన మీదికి రాగానే బస్సులో మాటలు ఆగిపోతాయి. 1965లో ఆ వంతెన వచ్చేదాకా పడవల మీదే దాటేవారు. ఇప్పుడు దాని పక్కనే రెండోది కూడా వేశారు. కొండల్లో వానలు పడ్డాయేమో, నది ఎర్రగా, బరువుగా, తొందరేమీ లేనట్టు పోతోంది. ఆ ఊళ్ళో మనుషులు జ్వరం డిగ్రీలు చెప్పినంత తేలిగ్గా గోదావరి అడుగులు చెబుతారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71 దాటింది. మేం దిగిన సత్రం గుమాస్తా "ఇప్పుడు ముప్ఫయ్యొకటే అమ్మా, హాయిగా పడుకోండి" అని తాళంచెవి ఇచ్చాడు.

చిన్న ఊరు. కొండ అంటారుగానీ, మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చేలోపలే పైన ఉంటాం. బొమ్మల దుకాణాలు, పసుపు కుంకాల దుకాణాలు, ఏ గుడి దగ్గరైనా ఉండే ప్లాస్టిక్ బిందెలు. మూడొందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్న ఊరని ఎక్కడా డాబు కనిపించదు. అమ్మ మెట్ల మీద మూడుచోట్ల కూర్చుంది. మోకాళ్ళ నొప్పులవల్లనా, ఇంకా ముప్ఫైమూడేళ్ళ కోపం దిగలేదా అన్నది తెలియలేదు.

లోపల స్వామి మామూలు రాముడిలా ఉండడు. నాలుగు చేతులు. శంఖ చక్రాలు. సీతమ్మ ఆయన ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది, పక్కన లక్ష్మణుడు. అమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. నేను చేతులు జోడించుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని పక్కకు చూశాను.

"ఈయనేమో పెళ్ళాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీరిగ్గా ఉన్నాడు. ఆ మనిషి అక్కడ పన్నెండేళ్ళు పడున్నాడు" అంది, పూజారికి వినపడేలాగే.

పూజారి చిన్నవాడు. నవ్వి శఠగోపం పెట్టాడు. అలాంటివి విని విని ఉంటాడు. అన్నట్టు, గోపన్న కూడా జైల్లోంచి దాదాపు ఈ మాటే అడిగాడు గదా! ఏ నగకు ఎంతయిందో పేరుపేరునా లెక్కచెప్పి, ఎవడబ్బ సొమ్మని పెట్టుకు తిరుగుతున్నావని రాముణ్ణి నిలదీసి, ఆనక దెబ్బలకు తాళలేక తిట్టాను, మన్నించమని వేడుకున్నాడు. ఆ పాట తెలియని తెలుగువాడుండడు. భక్తుడి అలక అని మనం మురిసిపోతాం. నాకు మాత్రం అందులో ఆడిటు ముందు నిలబడ్డ గుమాస్తా గొంతు వినిపిస్తుంది. పద్దులన్నీ నోటికి ఉన్నాయి పాపం. పైకమే లేదు.

హుండీ దగ్గర ఆగి "ఏమన్నా వేస్తావా?" అన్నాను.

"ఎప్పుడో వేసిన" అంది అమ్మ, ఖాళీ ముంజేతుల వంక చూసుకుని. మళ్ళీ చేయించుకోమని ఎంత పోరినా చేయించుకోలేదు.

గుడి బయట మండపంలో కూర్చుని పులిహోర తింటున్నప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఈ కథలో అందరం దాటేసే చోటు ఒకటుంది. రాముడు తలుచుకుంటే తానీషాను కలలో బెదిరించవచ్చు. చెరసాల తలుపులు ఊడగొట్టవచ్చు. "నా గుడికి ఖర్చుపెడితే అప్పేమిటి?" అని గద్దించవచ్చు. అవేమీ చెయ్యలేదు. పైకం తెచ్చాడు. లెక్కపెట్టాడు. రసీదు తీసుకున్నాడు. అంటే దేవుడు కూడా ఆ బాకీని బాకీగానే ఒప్పుకున్నాడన్నమాట. భక్తుడు చేసింది తనకోసమే అయినా, నవాబు అడిగింది న్యాయమేనని కథ చెప్పినవాళ్ళకు తెలుసు. ఇంత నిజాయితీ ఉన్న కథను మనం భక్తి పేరు పెట్టి సగమే వింటున్నాం.

తానీషా కూడా మనం అనుకున్నంత దుర్మార్గుడు కాదు కథలో. నిజం తెలిశాక గోపన్నను వదిలి, కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపించాడంటారు. నిజాములు ఆ ఆనవాయితీ తప్పలేదు. ఇవాళ్టికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున పట్టుబట్టలూ ముత్యాల తలంబ్రాలూ వస్తాయి. గోపన్న సర్కారు డబ్బు దేవుడికిచ్చి జైలుకు వెళ్ళాడు. ఇప్పుడు సర్కారే ఇస్తోంది, బ్యాండు మేళంతో సహా. తేడా ఎక్కడుంది? పద్దులో రాశారా లేదా అన్నచోటే ఉంది.

ఆ నవాబు చివరి రోజులు కూడా చెప్పుకోవాలి. 1686లో అక్కన్న మాదన్నల్ని గోల్కొండలోనే చంపేశారు. మరుసటేడు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట ఔరంగజేబు వశమైంది. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. ఆయన అక్కడే, చెరలోనే, సుమారు పన్నెండేళ్ళకు పోయాడు. ఆయన కోసం పైకం పట్టుకుని ఎవరూ రాలేదు. గోల్కొండకు వెళ్ళినప్పుడు రామదాసు బందిఖానా చూసే ఉంటారు, గోడ మీద చెక్కిన రామలక్ష్మణుల బొమ్మలకు ఇప్పటికీ దండాలు పెడుతుంటారు. దౌలతాబాదులో తానీషా ఏ గోడ మీద ఏం చెక్కుకున్నాడో!

మా స్నేహితురాలు ఒకామె కొడుకు దగ్గరికి వెళ్ళి, ఇటలీ చూసొచ్చింది. పాదువా అనే పాత ఊళ్ళో ఒక చిన్న ప్రార్థనామందిరం బొమ్మ నాకు తెచ్చింది. ఎన్రికో స్క్రొవెన్యి అనే ధనవంతుడు కట్టించాడు. జొత్తో అనే మహా చిత్రకారుడు 1305 ప్రాంతంలో దాని గోడలనిండా బొమ్మలు వేశాడు. ఆ ధనవంతుడి తండ్రి వడ్డీ వ్యాపారి. ఎంత పేరుమోసిన వడ్డీ వ్యాపారి అంటే, మహాకవి డాంటే తన కావ్యంలో ఆయన్ని నరకంలో కూర్చోబెట్టాడు. తండ్రి పాపానికి పరిహారంగా కొడుకు గుడి కట్టించాడని చెప్పుకుంటారు. గోడ మీద చివరి తీర్పు బొమ్మలో ఆ కొడుకే మోకరిల్లి, గుడిని చిన్న బొమ్మలా ఎత్తి సమర్పిస్తున్నట్టు ఉంటుంది. అదే మందిరంలో ఇంకోచోట డబ్బుమూట పుచ్చుకుంటున్న జూడాస్ బొమ్మ కూడా ఉంది. జొత్తోకు అది ఎవరి డబ్బుతో వేస్తున్నాడో తెలియకుండా ఉంటుందా?

అక్కడ పాపిష్టి సొమ్ము, కానీ సొంతది. ఇక్కడ పుణ్యం పని, కానీ పరాయి సొమ్ము. రెండు ఊళ్ళకూ జనం టిక్కెట్లు కొనుక్కుని వెళ్ళి చూస్తున్నారు. వడ్డీలు కట్టి చితికిన ఇటలీవాళ్ళ పేర్లు ఆ గోడ మీద లేవు. గోపన్నకు పన్ను కట్టిన పాల్వంచ పరగణా రైతుల పేర్లు ఇక్కడా లేవు.

ఆ రైతుల దగ్గర నా ఆలోచన ఆగిపోయింది. రామోజీ పైకం చెల్లించింది నవాబుకు. నవాబు సొమ్మా అది? గోల్కొండవాళ్ళు 1636 నుంచీ ఢిల్లీకి ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టడానికి ఒప్పుకున్నారు. అడవి అంచున చెలకలు దున్నినవాళ్ళ గింజలు పాల్వంచలో పైకమై, గోల్కొండలో ఖజానా అయి, కొంత ఢిల్లీకి పోవాల్సిన సొమ్ము అది. ఆ రకంగా చూస్తే, దారిలో ఆగి గుడి అయినందుకు కనీసం ఇక్కడివాళ్ళ కళ్ళముందు ఉంది అనిపిస్తుంది. గోపన్న తరఫున వాదించాలంటే నేనిదే వాదిస్తాను. మా నాన్నా వాదించేవారు. కానీ వాళ్ళను అడిగి కట్టలేదు గదా! అడిగితే ఇచ్చేవారేమో. దమ్మక్క ఎవరూ అడక్కుండానే తాటిపండు పెట్టింది. కాకపోతే ఆ పండు ఆవిడదే.

మర్నాడు పర్ణశాలకు ఆటో మాట్లాడుకున్నాం. ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. ఊరు దాటిన రెండు కిలోమీటర్లకే "ఇది ఆంధ్రా అమ్మా" అన్నాడు ఆటో అబ్బాయి. ఇంకాసేపటికి "మళ్ళీ తెలంగాణలో పడ్డాం" అన్నాడు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ప్రాజెక్టు కింద మునిగే ఊళ్ళున్నాయని ఏడు మండలాలను ఆంధ్రలో కలిపారు. భద్రాచలం ఊరు మటుకు ఇటే ఉండిపోయింది. రాముడు ఒక రాష్ట్రం, జటాయువు పడ్డాడని చెప్పే ఏటపాక ఒక రాష్ట్రం. అమ్మ రెండు పక్కలకూ చూసి, "ఏం తేడా కనపడదే!" అంది. నిజమే, అటూ ఇటూ అవే తాళ్ళు, అవే పత్తి చేలు.

ఆ అబ్బాయిది కూనవరం వైపు ఊరట. కోయవాళ్ళ పిల్లాడు. ఊరు మునుగుతుందని పేరు రాసుకుపోయారట. పరిహారం సంగతి అడిగితే "మా నాయన పేరు వచ్చింది, నాది రాలేదు" అన్నాడు. కింద డెల్టాలో ఎన్నో లక్షల ఎకరాలకు నీళ్ళొస్తాయి. మంచి పనే. కాదని ఎవరంటారు? నేను తినే అన్నమూ ఆ డెల్టాదే కావచ్చు. ఆ పిల్లాడి వెనక సీట్లో కూర్చుని, "మంచి పనే గదా" అని పైకి మాత్రం అనలేకపోయాను. గోపన్న గుడి గురించి ముందురోజంతా తీర్పులు చెప్పినదాన్ని, ఇక్కడ నోరు పెగల్లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ వాక్యం దగ్గర కలం ఆగుతూనే ఉంది.

పర్ణశాలలో చూడాల్సినవి చూశాం. వాగులో రాళ్ళ మీద సీతమ్మ నారచీర ఆరేసిన చారలని చూపిస్తారు. అమ్మకు ఆ చారలు నచ్చాయి. "ఉతుక్కుని ఆరేసుకోవడం ఎంత వనవాసమైనా తప్పదుగా" అని రాతిని చేత్తో తడిమింది.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఒక ముసలామె తాటిపండ్లు పోసుకుని కూర్చుంది. అప్పుడప్పుడే దిగుతున్నాయి, నల్లగా నిగనిగలాడుతూ. వాసన ఆటోలోకే వచ్చింది. అమ్మ ఆపించి దిగింది.

"ఎట్లా ఇస్తున్నవ్ అవ్వా?"

"మూడు యాభై. పొద్దున్నే రాలినయమ్మా, ఏరుకొచ్చిన."

అమ్మ మూడు ఏరింది. వంద నోటిచ్చింది. ఆవిడ దగ్గర చిల్లర లేదు. ఇంకో మూడు తీసుకొమ్మంది. మోయలేం, తినలేం. అమ్మ "ఉంచుకో అవ్వా" అంది. ఆవిడ ఒప్పుకోలేదు. ఉత్త పుణ్యానికి డబ్బు ఎందుకుంచుకోవాలంది. ఇద్దరు ముసలివాళ్ళూ ఆ యాభై రూపాయల కోసం అయిదు నిమిషాలు గట్టిగానే వాదించుకున్నారు. ఆఖరికి ఆటో అబ్బాయి నోటు మార్చి పెట్టాడు. అమ్మ యాభై కొంగున ముడేసుకుని ఎక్కింది. అలిసిపోయిందిగానీ మొహం తేటగా ఉంది.

సాయంత్రం బస్సులో ఒళ్ళో తాటిపండ్ల సంచీ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. వంతెన మీద గోదావరి మీంచి చల్లగాలి కొట్టింది. కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందనుకున్నాను. సారపాక దాటాక కళ్ళు తెరవకుండానే అడిగింది.

"నీ బెంచీ మీద కూర్చునే పిల్ల... లెక్కలు బాగా చేసేది, బడి మాన్పిచ్చిన్రు చూడు. దాని ఊరు ఇటుపక్కనే గదే?"

నాకు తెలియదన్నాను.

"మీ నాన్న ఉన్నప్పుడే ఒకసారి పోయి చూద్దామన్న. ఆయన రానన్నడు" అంది అమ్మ.

బస్సు పాల్వంచ చేరేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అక్కడ దిగి టీ తాగాం. బస్సు మళ్ళీ కదులుతుంటే కండక్టరును పిలిచి, ఆ ఊరికి ఏ బస్సు వెళుతుందో, పొద్దున ఎన్నింటికో అడిగింది.